ఇరవై ఒక్క రోజుల నీళ్లు

రిజిస్టర్ రాసేది నేనే.
జడ్చర్ల భవన నిర్మాణదారుల సంఘం,
సభ్యులు నలభై ముగ్గురు,
చందా కట్టినోళ్లు ఇరవై ఆరుగురు.
ఆ ఆదివారం మూడో అంశం కింద ఇట్ల రాసిన:
'ఊరికి మన గుర్తుగ ఏదన్న కట్టాలె.'

కమాను కడ్దామన్నడు ఇటుక బట్టీల శ్రీశైలం.
కమాను మీద పేర్లు,
పేర్లల్ల ఎవరిది ముందు, ఎవరిది పెద్దక్షరం,
దాని మీదనే గంటన్నర.
చాయ్ రెండుసార్లొచ్చింది. అది గూడ రాసిన.

అప్పుడు తలుపు కాడికెల్లి లేసింది
కావలి చెన్నమ్మ.
పిలిస్తే రాలేదామె,
పాత బాకీ అడగనీకి వచ్చింది.

'కమాను కింద ఎంతమందికి నీడొస్తది సారూ?
పొద్దుగాల ఐదింటికి సిగ్నల్ గడ్డ కాడ నిలవడ్తం.
పదింటిదాంక ఎవరూ పిలువకపోతే
ఎండకు కైకిలి జేసినట్టే, పైసల్లేని కైకిలి.
ఊరంత మేం మోసిన ఇటుకలే, మేం మోసిన బాత్రూములే.
కడుపుల నొచ్చి ఉరికినప్పుడు
ఒక్క తలుపు తెరువది మాకు.'

నా పెన్ను ఆగింది.
ఇది ఏ అంశం కింద రాయాలె?

షెడ్డు, నల్లా, రెండు బాత్రూములు
అని తీర్మానం అయ్యేసరికి చీకటి పడ్డది.
ఖాజా మియా మిగిలిన సలాకలిస్తనన్నడు,
ఒకరు సగం బస్తాలు, ఒకరు నాలుగు రంగుల టైల్సు.
కూలి కాడికొచ్చేసరికి
శ్రమదానం అని రాసిన నేను.

చెన్నమ్మ చదివించుకున్నది. నవ్వింది.
'దానం జేసేది ఉన్నోళ్లు గద.
మా కాడ ఉన్నదే అదొక్కటి,
దాన్ని గూడ మీ పేరు మీదనే రాస్కుంటరా?'
కొట్టేసిన.
ఎర్ర ఇంకుతోని, పక్కన సంతకం పెట్టి.

ఇసుక ట్రాక్టరును వాగు ఒడ్డోళ్లు ఆపిండ్రు.
మా బోర్లు ఎండగొట్టి ఎవరికి నీడ కడ్తరన్నరు.
జవాబు లేకుండె. క్రషర్ పొడితోనే కలుపు జేసినం.
మేస్త్రి మూతి ముడుచుకున్నడు, అయినా చేసిండు.

స్లాబు నాడు ఆడోళ్లకు మగోళ్లకు ఒకటే కూలి,
పెద్ద కొట్లాట తర్వాత.
దానం జెయ్యాల్నంటే మీరే మోయుండ్రి అన్నందుకు
కాంట్రాక్టర్లు గమేళాలు ఎత్తిండ్రు.
పదకొండో గమేళాకు శ్రీశైలం మెడ పట్టేసింది.
సుట్టబట్ట ఎట్ల సుట్టాల్నో
చెన్నమ్మ బిడ్డ సూపెట్టింది.
ఇరవై ఏండ్లల్ల ఎన్ని అంతస్తులు లేపిండో మనిషి,
నెత్తి మీద బరువు పెట్టుకునుడు అదే మొదలు.

ఫోటోలు దిగినం. పేపర్ల మూడో పేజీల వచ్చింది.

తెల్లారి ఎవరూ లేరు.
స్లాబు మీద గట్లు కట్టి
ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలపాలె.
మున్సిపాలిటీ నల్లా దినం తప్పించి దినం.
చాయ్ హోటల్ గఫూర్ పైపు ఇచ్చిండు,
ఆటో అడ్డా పిలగాండ్లు రెండు రోజులు పోసి మర్చిపోయిండ్రు.
తొమ్మిదో నాడు పొయ్యి చూస్తే
వెంట్రుక సన్నం పగులు ఒకటి,
ఉత్తరం మూల నుంచి నడుమ దాంక.

అక్కడ చెన్నమ్మ తడి గోనె సంచులు పరుస్తున్నది.
పని దొరకని దినం అది ఆమెకు.
నన్ను చూసి ఏమనలే,
ఖాళీ బకెట్ నా దిక్కు జరిపింది.

అప్పటిసంది వంతులు రాస్తున్న.
గఫూర్ సోమవారం, ఖాజా మియా మంగళవారం,
శ్రీశైలం బుధవారం, మెడకు పట్టీ కట్టుకొని.
వాగు ఒడ్డు నుంచి ఒక ముసలాయన
ఏ వంతూ లేకుండనే వస్తుండు,
నీళ్లు వట్టిగ పారిపోతున్నయా అని చూసి పోతడు.

ఇయ్యాళ పదిహేడో నాడు.
పగులు పెరగలే, పోలే.
షెడ్డు మీద ఎవరి పేరూ లేదు.
కింద నాలుగు రంగుల టైల్సు, ఒక పక్కకు వాలు.

రిజిస్టర్ తిరగేస్తుంటే కనబడ్డది:
కావలి చెన్నమ్మ, పాత బాకీ, పదకొండు వందలు.
ఆ దినం ఎవరూ మాట్లాడలే దాని గురించి.
వచ్చే మీటింగుకు
మొదటి అంశంగ రాసిన,
చాయ్ కన్న ముందు.